బెయిల్ వచ్చినంత మాత్రాన కేసు పోయినట్టు కాదు

సంపాదకులకు,

బెయిల్, పెరోల్, డిశ్చార్జ్, క్వాష్, రిమాండ్ వంటి మాటలు ఇంగ్లిషువే అయినా నేర వార్తల పుణ్యమా అని ఇవాళ పల్లెటూళ్లలో కూడా అందరి నోటా వినిపిస్తున్నాయి. చూడటానికి దగ్గరగా అనిపించే ఈ మాటలకు చట్టంలో అర్థాలు వేరు. వార్తలో ఒకదాని చోట మరొకటి పడితే, దాన్ని నమ్ముకున్న పాఠకుడు ఎంత నష్టపోతాడో జిల్లా కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూసే న్యాయవాదిగా నాకు తెలుసు కనుక ఈ లేఖ రాస్తున్నాను.

బెయిల్ వార్తలకు మన పత్రికలు తరచూ పెట్టే శీర్షిక ‘ఊరట’. ఆ మాట తప్పు కాదు గానీ, వార్త కూడా అక్కడితోనే ఆగిపోతోంది. పిలిచినప్పుడల్లా కోర్టుకు వస్తానన్న పూచీ మీద నిందితుడిని విడిచిపెట్టడమే బెయిల్; నేరం చేశాడా లేదా అన్నది కోర్టు అప్పటికింకా తేల్చలేదు. మా దగ్గర ఒక కొట్లాట కేసులో బెయిల్ వచ్చిన కుర్రాడి తండ్రి ఆ వార్త కత్తిరించి భద్రంగా దాచుకుని, కొడుకును నిశ్చింతగా బెంగళూరుకు పనికి పంపించాడు. వాయిదాలకు రాకపోవడంతో కోర్టు నాన్‌బెయిలబుల్ వారంటు జారీ చేసింది. పోలీసులు పని చేసే చోటికే వెళ్లి అతన్ని తీసుకొచ్చారు. జామీను నిలబడిన మేనమామకు, పూచీకత్తు సొమ్ము ఎందుకు కట్టించకూడదో చెప్పుకోమని నోటీసు వచ్చింది. “పేపర్లోనే వేశారు కదండీ, వదిలేశారని” అంటూ ఆ తండ్రి నా ముందు పరిచిన కాగితంలో తదుపరి వాయిదా గురించి ఒక్క ముక్క కూడా లేదు.

నాన్‌బెయిలబుల్ అన్న మాట దీనికి సరిగ్గా ఎదురు తప్పు చేయిస్తోంది. ఆ సెక్షన్ల కింద కేసు పెట్టారని చదవగానే ఇక బెయిలే రాదని కుటుంబాలు బెంబేలెత్తి, ఎవరెవరి కాళ్లో పట్టుకుంటున్నాయి. బెయిలబుల్ నేరమైతే బెయిల్ నిందితుడి హక్కు, పోలీస్ స్టేషన్‌లోనే ఇవ్వాలి. నాన్‌బెయిలబుల్ అయితే ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు విచక్షణ. అంతే తేడా.

శిక్ష పడ్డవారి విషయంలోనూ ఇదే గందరగోళం ఉంది. అప్పీలు చేసుకున్న వ్యక్తికి కోర్టు ఇచ్చేది బెయిల్; శిక్ష అనుభవిస్తున్న ఖైదీని ప్రభుత్వమో జైలు అధికారులో కొన్నాళ్లపాటు బయటికి పంపితే అది పెరోల్. రెమిషన్ అంటే శిక్షాకాలంలో తగ్గింపు మాత్రమే, దోషి అన్న ముద్ర అలాగే ఉంటుంది. రాజ్యాంగంలోని 72, 161 అధికరణాల కింద రాష్ట్రపతి, గవర్నర్ ఇవ్వగల క్షమాభిక్ష, అంటే పార్డన్, ఆ ముద్రనే తొలగిస్తుంది. మన పత్రికలు ఈ రెండింటినీ ‘క్షమాభిక్ష’ అనే రాస్తున్నాయి. 2002 గుజరాత్ అల్లర్లప్పుడు జరిగిన సామూహిక అత్యాచారం, హత్యలకు సంబంధించిన బిల్కిస్ బానో కేసులో 11 మంది దోషులు 2022 ఆగస్టు 15న బయటికొచ్చింది రెమిషన్ మీదే. 2024 జనవరి 8న సుప్రీంకోర్టు రద్దు చేసిందీ ఆ రెమిషన్‌నే; వారిని తిరిగి జైలుకు వెళ్లమంది. వారిని ‘క్షమించారు’ అని రాయడం బాధితురాలికి చేసే అన్యాయమని నా అభిప్రాయం.

రిమాండ్ అంటే జైలుకు పంపడమని, కస్టడీ అంటే పోలీసులకు అప్పగించడమని తెలుగు పత్రికల్లో ఒక వాడుక స్థిరపడింది. చట్టం ప్రకారం రెండింటికీ రిమాండ్ ఉత్తర్వే ఆధారం. అయినా చదివేవారికి తేడా తెలుస్తోంది కాబట్టి ఆ వాడుకతో నాకు పేచీ లేదు.

పేచీ అంతా ‘కేసు కొట్టివేత’తోనే. విచారణ పూర్తయ్యాక నిర్దోషిగా విడుదల చేయడం అక్విటల్. అభియోగాలు మోపడానికి తగినంత ఆధారం లేదని విచారణ మొదలవకముందే వదిలేయడం డిశ్చార్జ్. కేసునే రద్దు చేస్తూ హైకోర్టు ఇచ్చే ఉత్తర్వు క్వాష్. పాత చట్టమైన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 482వ సెక్షన్‌గా ఉన్న ఆ అధికారం, దాని స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 528వ సెక్షన్ అయింది. ఈ మూడింటినీ ఒకే మాటతో సరిపెట్టడం వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. నిర్దోషిగా తేలి, ఆ తీర్పు అమల్లో ఉన్నంతకాలం అదే నేరానికి ఆ మనిషిని మళ్లీ విచారించకూడదు. డిశ్చార్జ్ అయినవారికి ఆ రక్షణ లేదు. డిశ్చార్జ్ అక్విటల్ కాదని పాత చట్టం 300వ సెక్షన్‌లోనూ, కొత్త చట్టం 337వ సెక్షన్‌లోనూ విడిగా వివరణే ఇచ్చారు. పోలీసు ఉద్యోగానికి ఎంపికైన యువకుడు ధ్రువీకరణ పత్రంలో తన మీద కేసు ఏమైందో రాయాల్సి వచ్చినప్పుడు, ‘కొట్టేశారు’ అన్న మాట అక్కరకు రాదు. నేరం అనుమానానికి తావు లేకుండా రుజువు కాలేదని సంశయలాభం మీద బయటపడ్డాడా, అసలు ఆరోపణే నిలవలేదా అన్నది కూడా నియామక అధికారులు చూడవచ్చని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంత బరువున్న తేడాను వార్త రాసేవారు తేలిగ్గా తీసుకోకూడదు.

పోలీసులు నోటీసు ఇచ్చి పంపించిన మనిషిని అరెస్టయినట్టు రాయడం మరో అలవాటు. పాత చట్టంలోని సెక్షన్ పేరుతో ఒకప్పుడు 41ఏ అని పిలిచిన నోటీసు కొత్త చట్టంలో 35(3) అయింది. అరెస్టు అవసరం లేదనుకున్నప్పుడు ఇచ్చే నోటీసు అది. అది అందుకున్న వ్యక్తి ఆ సాయంత్రం ఇంట్లో భోంచేస్తుంటే, అతను అరెస్టయ్యాడన్న వార్త మర్నాడు ఊరంతా తిరుగుతుంది. ఆ ఇంట్లో పెళ్లికెదిగిన పిల్ల ఉంటే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు.

విలేకరులకు చట్టం చదివే తీరిక ఉండదని నాకు తెలుసు. కోర్టు ఏ దశలో, ఏ ఉత్తర్వు ఇచ్చిందో అక్కడి గుమాస్తానో ప్రాసిక్యూటర్‌నో అడిగి రాస్తే సగం పొరపాట్లు పోతాయి. బెయిల్ వార్త చివర ‘విచారణ కొనసాగుతుంది, నిందితులు వాయిదాలకు హాజరు కావాలి’ అన్న వాక్యం తప్పనిసరి చేయవలసిందిగా మీ డెస్కును కోరుతున్నాను. అరెస్టు వార్తను ఫొటోతో ఏ పేజీలో వేశారో, నిర్దోషిగా తేలిన వార్తనూ అదే పేజీలో, అంతే స్థలంలో వేయండి.

ఇట్లు,
ఒక న్యాయవాది,
నరసరావుపేట