క్లాట్‌కి ఇంకా ఆరు నెలలు: 11, 12 తరగతుల తల్లిదండ్రులకు

జూన్ నెల వార్తాలేఖ

తల్లిదండ్రులకు నమస్కారం.

"మా అమ్మాయి లా చదువుతానంటోంది, ఏ కోచింగులో చేర్పించాలి?" జూన్ రాగానే స్కూలు ఆఫీసులో ఎక్కువగా వినిపించే ప్రశ్న ఇదే. కోచింగు సంగతి చివర్లో చూద్దాం. ముందు అసలు పరీక్ష దేన్ని పరీక్షిస్తుందో తెలియాలి. అది తెలియకుండా ఫీజు కట్టేస్తే, ఎంసెట్‌కి (ఇప్పుడు ఈఏపీసెట్) చదివించినట్టే దీనికీ చదివిస్తాం. అక్కడే దెబ్బ తింటాం.

హైదరాబాద్ నల్సార్, విశాఖపట్నం దామోదరం సంజీవయ్య లా వర్సిటీ, బెంగళూరు నేషనల్ లా స్కూల్ లాంటి ఇరవైకి పైగా జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో ఐదేళ్ల లా కోర్సుకు దారి క్లాట్, అంటే కామన్ లా అడ్మిషన్ టెస్ట్. 120 ప్రశ్నలు, 120 నిమిషాలు. కాగితం మీద, ఓఎమ్మార్ షీటుతో, ఇంగ్లిషులో మాత్రమే. ఒప్పుకు 1 మార్కు, తప్పుకు పావు మార్కు కోత. కరెంట్ అఫైర్స్‌లో 28 నుంచి 32, లీగల్ రీజనింగ్‌లోనూ అన్నే, ఇంగ్లిషు, లాజికల్ రీజనింగ్ ఒక్కొక్కటీ 22 నుంచి 26, లెక్కలు 10 నుంచి 14. ఇంటర్లో లేదా 12వ తరగతిలో 45 శాతం, ఎస్సీ ఎస్టీలకు 40 శాతం ఉంటే చాలు. 12 చదువుతున్నవాళ్లూ రాయొచ్చు. వయోపరిమితి లేదు. 2023లో డిసెంబరు 3న, 2024లో డిసెంబరు 1న, 2025లో డిసెంబరు 7న జరిగింది. మూడూ ఆ నెల మొదటి ఆదివారాలే.

ఇందులో బట్టీ పట్టడానికి దాదాపు ఏమీ లేదు. ప్రతి విభాగంలోనూ ముందు ఒక ప్యాసేజీ, దాని కింద నాలుగైదు ప్రశ్నలు. ప్యాసేజీ సుమారు 450 పదాలు. లెక్కలు పక్కన పెడితే 22 ప్యాసేజీల దాకా వస్తాయి, అంటే పది వేల పదాలు. ఇప్పుడు ఈ లెక్క చూడండి. నిమిషానికి 150 పదాలు చదివే పిల్లాడికి చదవడానికే 67 నిమిషాలు పోతాయి. మిగిలిన 53 నిమిషాల్లో 120 ప్రశ్నలంటే ఒక్కోదానికి 26 సెకన్లు. నిమిషానికి 250 పదాలు చదివేవాడికి 40 నిమిషాలు చాలు, ప్రశ్నకు 40 సెకన్లు దొరుకుతాయి. ఇద్దరికీ తెలివి సమానమే. తేడా అంతా ఆ 14 సెకన్లలో ఉంది. అక్టోబరులో మొదలుపెట్టే క్రాష్ కోర్సు ఈ తేడాను పూడ్చలేదు, ఎందుకంటే చదివే వేగం నెలల తరబడి రోజూ చదివితేనే పెరుగుతుంది.

ఈ పని ఇంట్లో జరగాలి. అందుకు మీకు ఇంగ్లిషు రానక్కర్లేదు. రోజూ ఒక ఇంగ్లిషు దినపత్రికలోని రెండు సంపాదకీయాలు, ఫోన్లో కాకుండా కాగితం మీదే చదివించండి. పరీక్ష కూడా కాగితం మీదే కదా. వారానికోసారి ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి కొలవండి. వరుసకు ఎన్ని పదాలో, మొత్తం ఎన్ని వరుసలో లెక్కేసి నిమిషాలతో భాగిస్తే వేగం తెలుస్తుంది. ఆ వెంటనే పేపరు మూయించి, "ఈయన దేనికి ఒప్పుకుంటున్నాడు, దేనికి ఒప్పుకోవట్లేదు, కారణం ఏం చెప్పాడు?" అని అడగండి. జవాబు తెలుగులో చెబితే చాలు. తెలుగులో మూడు ముక్కల్లో చెప్పలేకపోతే ఇంగ్లిషులో అర్థం కానట్టే లెక్క. వేగం 200 దాటినా ఈ ప్రశ్నకు తడబడుతుంటే వేగం సంగతి ఆపి, ముందు అర్థం సంగతి చూడండి. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు ప్రతి వాక్యాన్నీ మనసులో తెలుగులోకి మార్చుకుంటూ చదువుతారు. వేగం తగ్గేది అక్కడే. ఆ అలవాటు పోవడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది, ఈలోగా కంగారుపెట్టకండి.

లీగల్ రీజనింగ్ అనగానే సెక్షన్లన్నీ నేర్చుకోవాలేమోనని చాలామంది భయం. అక్కర్లేదు. కావలసిన నియమం ప్యాసేజీలోనే ఇస్తారు. ఒక నమూనా చూడండి.

నియమం ఇది: తెలిసి, ఇష్టపడి ఒక ప్రమాదానికి సిద్ధపడినవాడు ఆ ప్రమాదం వల్ల కలిగిన నష్టానికి పరిహారం అడగలేడు. అయితే ఆ నష్టం నిర్వాహకుల నిర్లక్ష్యం వల్ల జరిగితే ఈ నియమం వర్తించదు. ఇక జరిగిన సంగతి: క్రికెట్ పోటీకి టికెట్ కొని వెళ్లిన రాముకు సిక్సర్ బంతి తగిలి పన్ను విరిగింది. అదే పోటీలో నట్లు సరిగ్గా బిగించని గ్యాలరీ కూలి సోము కాలు విరిగింది. పరిహారం ఎవరికి?

సోముకు మాత్రమే. పిల్లలు ఇక్కడ మూడు రకాలుగా తప్పుతారు. జాలిపడి ఇద్దరికీ ఇప్పించేవాళ్లు కొందరు. మొదటి వాక్యం చదివి 'అయితే' దగ్గర ఆగకుండా, ఎవరికీ రాదని గుర్తు పెట్టేవాళ్లు కొందరు. "టికెట్ వెనకాల మా బాధ్యత లేదని రాస్తారు కదా" అని ప్యాసేజీలో లేనిదాన్ని బయటినుంచి తెచ్చుకునేవాళ్లు ఇంకొందరు. ఈ మూడోరకం వాళ్లు సాధారణంగా తెలివైన పిల్లలే, అందుకే వాళ్లకు మార్కు ఎందుకు పోయిందో ఒక పట్టాన అర్థం కాదు. తర్వాతి ప్రశ్నలో సంగతి కాస్త మారుస్తారు: రక్షణ వల చిరిగి ఉందని నిర్వాహకులకు ముందే తెలుసు, ఆ చిరుగులోంచే బంతి వచ్చి రాముకు తగిలింది. ఇప్పుడు రాము కూడా అడగొచ్చు. ఒక్క వివరంతో జవాబు తిరగబడింది. అందుకే చదివేటప్పుడు బట్, అన్‌లెస్, ఓన్లీ, ప్రొవైడెడ్ అనే మాటల కింద పెన్సిల్‌తో గీత గీయడం ఇప్పటినుంచే అలవాటు చేయించండి.

కరెంట్ అఫైర్స్‌కి నెలవారీ పీడీఎఫ్‌లు దించుకుని ఫోను నింపుకోవడం ఇప్పుడు అందరికీ అలవాటైపోయింది. చదివేది మాత్రం తక్కువ. దానికంటే 200 పేజీల నోటుపుస్తకం ఒకటి నయం. ఒక్కో అంశానికి ఒక పేజీ: ఏం జరిగింది, ఎవరు తేల్చారు, ఏ చట్టం లేదా అధికరణం, దానికి ముందు ఏముంది, తర్వాత ఏమైంది. మనకు దగ్గరి అంశమే తీసుకుందాం, ఎస్సీ వర్గీకరణ. పేజీ మధ్యలో 2024 ఆగస్టు 1 అని రాయాలి. ఏడుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం 6-1తో రాష్ట్రాలు వర్గీకరణ చేయవచ్చని చెప్పిన రోజది. కేసు పంజాబ్ రాష్ట్రం, దేవిందర్ సింగ్ మధ్య. దాని పైన 2004: ఆంధ్రప్రదేశ్ చట్టాన్ని కొట్టేసిన ఈ.వి. చిన్నయ్య తీర్పు, ఐదుగురు న్యాయమూర్తులది. చిన్న ధర్మాసనం తీర్పును పెద్ద ధర్మాసనమే తిరగరాయగలదన్న సంగతి ఇక్కడే పిల్లలకు అర్థమవుతుంది. పక్కన 14, 15, 16, 341 అధికరణాలు. కింద 2025 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన తెలంగాణ వర్గీకరణ చట్టం. ఇలా రాసిన పేజీ ఒక్కటి ఐదు ప్రశ్నలకు సరిపోతుంది. వారానికి మూడు పేజీలు చాలు. ఈ విభాగంలో ఇంకో వెసులుబాటు ఉంది: చాలా ప్రశ్నలకు జవాబు ప్యాసేజీలో ఉండదు, మనకు తెలియాలంతే. కాబట్టి ముందు ప్రశ్నలు చూసి, అవసరమైతేనే ప్యాసేజీ దగ్గరికి వెళ్లాలి. పది పన్నెండు నిమిషాల్లో ముగిస్తే, ఆ మిగిలిన సమయం లీగల్‌కి వాడుకోవచ్చు.

లెక్కలు పదో తరగతి స్థాయివే: శాతాలు, నిష్పత్తులు, సగటు, లాభనష్టాలు, పట్టికలు చదవడం. ఆర్ట్స్ పిల్లలు "పదే కదా" అని వదిలేస్తారు. వదలొద్దు. రోజుకు 20 నిమిషాలు చాలు. లాజికల్‌లో రక్తసంబంధాల పజిల్స్ కంటే, ఒక వాదన ఇచ్చి దాన్ని బలపరిచేది ఏది, బలహీనపరిచేది ఏది అని అడిగేవే ఎక్కువ. బ్యాంకు పరీక్షల గైడుతో దీనికి సిద్ధం కాలేరు.

మాక్ టెస్టుల విషయంలో తల్లిదండ్రుల ఆత్రుత చూస్తే కాస్త భయమేస్తుంది. 80 మాక్‌ల ప్యాకేజీ కొనడం గొప్ప కాదు. ఆగస్టు వరకు పదిహేను రోజులకొకటి, సెప్టెంబరు, అక్టోబరుల్లో వారానికొకటి, నవంబరులో వారానికి రెండు. మొత్తం 22, 23 అవుతాయి, అంతకు మించి అక్కర్లేదు. రాయడానికి రెండు గంటలైతే తప్పులు చూసుకోవడానికి మూడు గంటలు కావాలి. తప్పు పోయిన ప్రతి ప్రశ్న పక్కనా 'తెలియదు', 'తప్పుగా చదివా', 'తొందరపడ్డా' అనే మూడింటిలో ఒకటి రాయించండి. గుడ్డిగా పెడితే ఒప్పయినవాటికి కూడా వేరే గుర్తు ఉండాలి, లేకపోతే అవి వచ్చినట్టే అనుకుని మోసపోతారు. పరీక్ష మధ్యాహ్నం 2 నుంచి 4 గంటల వరకు. భోజనం చేశాక కునుకు పట్టే వేళ అది. రాత్రి పదింటికి మాక్ రాసి 90 తెచ్చుకున్న పిల్ల అసలు పరీక్షలో కునికిపాట్లు పడుతుంది. ఆదివారం మధ్యాహ్నం ఆ రెండు గంటలూ ఇంట్లో టీవీ కట్టేసి, చుట్టాలను కాస్త వేరే వేళకు రమ్మనండి.

పావు మార్కు కోత గురించి రెండు మాటలు. నాలుగు జవాబుల్లో ఏదీ తోచక గుడ్డిగా 100 ప్రశ్నలకు పెడితే సగటున 25 ఒప్పు, 75 తప్పు. 25లోంచి 18.75 పోతే మిగిలేది 6.25. శ్రమకు తగ్గ ఫలం కాదది. రెండు జవాబులు కచ్చితంగా కాదని తేల్చి, మిగతా రెండింట్లో ఒకటి పెడితే 50 ఒప్పు, 50 తప్పు, అంటే 37.5. కాబట్టి రెండు కొట్టేయగలిగితే పెట్టాలి, లేకపోతే వదిలేయాలి.

ఓఎమ్మార్ షీటు ఇంట్లో ఎవరూ సాధన చేయించరు. బాల్‌పాయింట్ పెన్నుతో దిద్దాలి, చెరపడం కుదరదు. ఒక్కో గడికి 5 సెకన్లు వేసుకున్నా 120కి పది నిమిషాలు. అన్నీ చివర్లో దిద్దుదామనుకుంటే ఆ పది నిమిషాలు దొరకవు. 37వ ప్రశ్న వదిలేసి 38 జవాబు 37 గడిలో దిద్దితే, అక్కణ్నుంచి అన్నీ ఒక గడి జరుగుతాయి, అది తెలిసేది చివర్లోనే. ప్యాసేజీ అయిన వెంటనే దాని గడులు దిద్దేయడం ఒక్కటే మందు. ఖాళీ షీట్ల జిరాక్సులు మన లైబ్రరీలో దొరుకుతాయి, పిల్లల్ని తీసుకోమనండి.

క్లాట్ ఒక్కటే నమ్ముకోవద్దు. ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీకి ఐలెట్ విడిగా ఉంటుంది: 120 నిమిషాల్లో 150 ప్రశ్నలు, అందులో 70 లాజికల్‌వే. మన రాష్ట్రాల్లో లాసెట్ ఉంది. 90 నిమిషాలు, 120 ప్రశ్నలు, నెగెటివ్ మార్కులు లేవు, కంప్యూటర్ మీద, తెలుగులోనూ చదువుకుని రాయొచ్చు. సగం ప్రశ్నలు న్యాయశాస్త్ర అభిరుచివి, రాజ్యాంగం మౌలిక విషయాలు గట్టిగా రావాలి. ఇక్కడ మాత్రం కొంత గుర్తుపెట్టుకోవాల్సింది ఉంది, పాత గైడ్ల ప్రమాదం కూడా ఇక్కడే. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకు శిక్ష పాత పుస్తకంలో 302, ఇప్పుడు 103. మోసం 420 కాదు, 318. అన్నయ్య వాడిన గైడు ఇంట్లో ఉంటే దాన్ని అటకెక్కించండి.

కోచింగు పెట్టించాలా? చదివే అలవాటున్న పిల్లకు మంచి మాక్ సిరీస్, నోటుపుస్తకం చాలు. క్రమం తప్పకుండా కూర్చోలేనివాళ్లకు కోచింగు ఉపయోగమే. చేర్చే ముందు వాళ్ల ప్రశ్నపత్రం ఒకటి అడిగి చూడండి. ప్యాసేజీలు లేకుండా విడి విడి ప్రశ్నలుంటే అది 2020కి ముందు నాటి క్లాట్, డబ్బు దండగ. రెండు చోట్ల చేర్పించడం మాత్రం వద్దు.

ఇక కాగితాల సంగతి. దరఖాస్తులు మామూలుగా జూలై, ఆగస్టుల్లో మొదలై అక్టోబరు దాకా తీసుకుంటారు. తేదీలకు క్లాట్ నిర్వహించే జాతీయ లా వర్సిటీల కన్సార్షియం వెబ్‌సైటే ప్రమాణం, వాట్సాప్ గ్రూపు కాదు. ఫీజు జనరల్‌కు 4,000, ఎస్సీ ఎస్టీలకు 3,500 రూపాయలుగా ఉంటూ వచ్చింది. పేరు పదో తరగతి మెమోలో ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా అలాగే నింపాలి, ఇంటిపేరు పొడి అక్షరమా, పూర్తిగానా అన్నది సహా. నల్సార్‌లోనూ విశాఖలోనూ స్థానికులకు సీట్లున్నాయి కాబట్టి ఫారంలో రాష్ట్రం, కేటగిరీ గడులు తొందరలో దాటేయకండి. బీసీ సర్టిఫికెట్ రాష్ట్ర జాబితాది వేరు, కేంద్ర ఓబీసీది వేరు. యూనివర్సిటీని బట్టి ఏదో ఒకటి అడుగుతారు, రెండూ తీసి ఉంచుకోండి. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఆ ఆర్థిక సంవత్సరానిదే అయ్యుండాలి. మీసేవలోనో సచివాలయంలోనో దరఖాస్తు ఇప్పుడే పెట్టండి, ఫలితాలొచ్చాక పరుగెత్తితే అందదు.

ఇంకొకటి, డబ్బు. కౌన్సెలింగ్‌లో పేరు నమోదుకు జనరల్‌కు 30,000, రిజర్వుడు వర్గాలకు 20,000 రూపాయల చొప్పున వసూలు చేస్తున్నారు. చాలా వర్సిటీల్లో ఏడాది ఖర్చు, హాస్టలుతో కలిపి, రెండు లక్షల పైమాటే. ఈ మాట పిల్లలతో డిసెంబరు తర్వాత కాదు, ఇప్పుడే మాట్లాడండి. బ్యాంకు రుణమా, స్కాలర్‌షిప్పా అన్నది తేలితే కాలేజీల ప్రాధాన్య క్రమం పెట్టుకోవడం సులువవుతుంది.

స్థానికత చూపడానికి 6 నుంచి 12 వరకు స్టడీ సర్టిఫికెట్లు కావలసినవారు ఆఫీసులో తెల్లకాగితం మీద రాసివ్వండి. మన దగ్గర చదివిన ఏళ్లవి మూడు రోజుల్లో సంతకంతో ఇస్తాం. వేరే స్కూళ్లలో చదివిన ఏళ్లకు మీరు అక్కడికే వెళ్లాలి, ఆ పని ఈ నెలలోనే ముగించుకోండి.

ఇట్లు,
ప్రిన్సిపాల్