అమ్మలూ, ఆ లింకు డిలీట్ చెయ్యకు

అమ్మలూ,

ఫోన్‌లో మాట్లాడితే నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను, మధ్యలో మీ అమ్మ ఫోన్ లాక్కుని అన్నం తిన్నావా అని అడుగుతుంది, అసలు విషయం ఎక్కడిదక్కడే ఉండిపోతుంది. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువు. కోపం వస్తే రేపు తిడుదువుగాని.

నీ స్క్రిప్టు కొట్టేసి తీశారని నువ్వు పంపిన యూట్యూబ్ వీడియో చూశాను. రిజిస్ట్రాఫీసు మూశాక నా దస్తావేజుల షాపులోనే కూర్చుని, ఒక పక్క నీ స్క్రిప్టు ప్రింటు, ఇంకో పక్క ఫోను పెట్టుకుని, ఆపుకుంటూ ఆపుకుంటూ చూశాను. దొంగతనమే. అందులో నాకు అనుమానం లేదు. కానీ ఎంతవరకు దొంగతనం అన్నది వేరే లెక్క, అది నీకు నచ్చకపోవచ్చు.

"నా ఐడియా కొట్టేశారు నాన్నా" అని రాశావు. లాయరు దగ్గర ఆ మాటతో మొదలుపెట్టకు. మొగుడు పోయిన ముసలావిడ, తనతో మాటల్లేని కొడుకుని వెతుక్కుంటూ ఒంటరిగా బయల్దేరడం నీ సొంతం కాదు, ఎవరి సొంతమూ కాదు. సుప్రీంకోర్టు 1978లోనే ఈ సంగతి తేల్చేసింది. ఆర్.జి. ఆనంద్ అని ఒక నాటక రచయిత, తన నాటకాన్ని కాపీ కొట్టి సినిమా తీశారని డీలక్స్ ఫిల్మ్స్ మీద కేసు వేశాడు. ఐడియాకి, ఇతివృత్తానికి, ప్లాటుకి కాపీరైట్ ఉండదు, దాన్ని నువ్వు ఎలా రాశావో ఆ రాతకే ఉంటుంది అన్నారు. రెండూ చూసిన మామూలు మనిషికి ఇది దాని నకలే అని గట్టిగా అనిపించాలి అన్నారు. పాపం ఆయన ఓడిపోయాడు. పోలికలున్నాయి గానీ తేడాలు అంతకంటే ఎక్కువున్నాయని తేలింది.

నాకు తెలిసిన భాషలో చెప్తాను. "పాలకొల్లు దగ్గర నాకో చేను ఉంది" అని దస్తావేజు రాసి తీసుకెళ్తే సబ్‌రిజిస్ట్రారు దాన్ని నా మొహాన కొడతాడు. సర్వే నంబరెంత, ఎన్ని సెంట్లు, తూర్పున ఎవరి గట్టు, పడమర ఏ బోదె, అవన్నీ ఉంటేనే అది ఆస్తి. ఉత్త కథ లైన్‌కి హద్దులుండవు అమ్మలూ. సీనుకి ఉంటాయి.

నీ పంటు సీను, అదే గోదావరి రేవు దాటించే పడవ మీది, తీసుకో. సఖినేటిపల్లి రేవులో సత్యవతమ్మ రెండు టిక్కెట్లు తీసుకుంటుంది, పక్కన ఎవరూ లేరు. టిక్కెట్ల కుర్రాడు పొరపాటనుకుని ఒకదాని డబ్బులు తిరిగివ్వబోతే, "ఉంచరా, ఆయన దిగేటప్పుడు అడుగుతాడు" అంటుంది. వాడు ఆవిడ మొహం వంక చూసి, రెండో టిక్కెట్టు కూడా చింపి ఇస్తాడు, ఆవిడ దాన్ని విడిగా కొంగున ముడేసుకుంటుంది. వీడియోలో ఏం చేశారు? ఏదో చెరువులో టూరిస్టు బోటు మీద తీశారు. ఆవిడ పేరు మార్చారు. కొంగు తీసేసి హ్యాండ్‌బ్యాగ్ పెట్టారు, అక్కడే సీను సగం చచ్చింది, అది వేరే విషయం. కానీ రెండు టిక్కెట్లూ ఉన్నాయి, కుర్రాడు డబ్బులు తిరిగివ్వబోవడం ఉంది, ఆవిడ మాట అక్షరం పొల్లుపోకుండా ఉంది. దాని వెంటనే వాడు "ఆఖరి పంటు ఏడున్నరకి, మళ్ళీ లేదు" అంటాడు చూడు, అక్కడ నేను కుర్చీలోంచి లేచాను. టూరిస్టు బోటు మీద ఆఖరి పంటు ఎక్కణ్ణించి వచ్చిందే? పైగా ఆ ఏడున్నర రేవులో ఎవరూ చెప్పింది కాదు, చీకటి పడాలని కథ కోసం నువ్వు పెట్టుకున్న టైము, అప్పుడు నీతో నేనే గొడవపడ్డాను కూడా. నకిలీ దస్తావేజులు చాలావరకు పట్టుబడేది ఇలాంటి చోటే, అసలులో ఉన్న తప్పుని కూడా యథాతథంగా ఎక్కించేసుకుంటారు.

కాబట్టి ఒక పట్టిక తయారుచెయ్యి. ఎడమ పక్క నీ స్క్రిప్టులో సీను నంబరు, పేజీ, డైలాగు. కుడి పక్క వీడియోలో ఎన్నో నిమిషం, ఎన్నో సెకను, అక్కడి డైలాగు. మూడో గడిలో తేడాలు నువ్వే రాయి, ఎలాగూ అవతలి లాయరు రాస్తాడు. నేను ఐదు చోట్ల టిక్కు పెట్టాను. కొడుకు తాగి గొడవచేసే సీను, ఆసుపత్రి సీను వదిలెయ్, అవి ఎవరైనా రాస్తారు, వాటిని కలిపితే గట్టివి కూడా పలచబడతాయి. టైటిల్ కూడా నాదేనని గింజుకుంటున్నావు గానీ దాన్నీ వదిలెయ్. 2015లో సుప్రీంకోర్టు టైటిల్‌కి కాపీరైట్ లేదని చెప్పింది, ఆ కేసులో రాసినాయన కూడా నీలాంటివాడే, సినాప్సిస్, అంటే కథ సారాంశం, ముంబై రచయితల సంఘంలో రిజిస్టర్ చేసుకుని, ఫ్రెండుకి మెయిల్ పెట్టాడు.

ఇప్పుడు అసలు సంగతి. గ్రూపులో పెట్టిన స్క్రిప్టు డ్రైవ్ లింకు తీసేస్తాను, గ్రూపులోంచి బయటికొచ్చేస్తాను, చాట్ మొత్తం డిలీట్ చేస్తాను అన్నావు. అమ్మా తల్లీ, ఒక్కటి కూడా ముట్టుకోకు! ఆ వీడియో తీసినవాళ్ళ టీములో ఒకతను ఆ లింకు కిందే "సూపర్ అండి, ఫుల్ డ్రాఫ్ట్ ఉందా" అని అడిగాడన్నావు, నువ్వు పంపావు. వాళ్ళకి నీ రాత అందిందని చూపించడానికి అంతకంటే ఏం కావాలి? నువ్వే పబ్లిక్‌లో పెట్టావుగా అని నీ ఫ్రెండ్సు అంటున్నారంటే వాళ్ళకి తెలీక అంటున్నారు. చదవమని ఇవ్వడం వేరు, తీసుకోమని ఇవ్వడం వేరు. కాపీరైట్ చట్టం, 1957 నాటిది, హక్కులు రాసిచ్చినా, వాడుకోమని అనుమతిచ్చినా కాగితం మీదే ఇవ్వాలంటుంది. నువ్వెక్కడా రాసివ్వలేదు.

ఈ రాత్రికి చెయ్యాల్సింది ఇది. వీడియో మొదటి నుంచి చివరి వరకు, పేర్లు పడే కార్డుతో సహా, స్క్రీన్ రికార్డింగ్ చేసి పెట్టు, లింకు, అప్‌లోడ్ చేసిన తేదీ, ఛానెల్ పేరు కనబడాలి. రేపు నోటీసు అందగానే వాళ్ళు దాన్ని ప్రైవేట్ చేసేస్తారు, అప్పుడు నీ దగ్గర ఏడుపు తప్ప ఏమీ మిగలదు. చాట్‌ని ఎక్స్‌పోర్ట్ చెయ్యి. నీ పాత డ్రాఫ్టుల ఫైళ్ళు తెరిచి మళ్ళీ సేవ్ కొట్టకు, తేదీలు మారిపోతాయి, కాపీ తీసుకుని కాపీనే చూసుకో. పాత ఫోను ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేస్తానంటున్నావంట, మీ అమ్మ చెప్పింది, ఇవ్వకు. ఇలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కోర్టులో సర్టిఫికెట్ జతచెయ్యాలి, ఇదివరకు ఎవిడెన్స్ యాక్టులో 65బి అనేవాళ్ళు, 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్ అయింది. అసలు ఫోను చేతిలో ఉంటే ఆ పని తేలిక.

నీకు నువ్వే రిజిస్టర్డ్ పోస్టు పంపుకుని కవరు విప్పకుండా దాచుకోమని ఎవరో సలహా ఇచ్చారన్నావు. మద్రాసు రోజుల నుంచి ఉన్న అలవాటే, కానీ అంటించని కవరు కూడా పోస్టులో పంపుకోవచ్చు కదా అని అవతలి లాయరు ఒక్క ప్రశ్న వేస్తే దాని పని అయిపోతుంది. దానికంటే ఢిల్లీలో కాపీరైట్ ఆఫీసుకి ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు పెట్టుకో. 500 రూపాయలు ఫీజు, ఎవరికైనా అభ్యంతరాలుంటే చెప్పుకోవడానికి 30 రోజులు ఆగుతారు, ఆ తర్వాత పరిశీలన. రాసిన క్షణం నుంచే కాపీరైట్ నీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ ఆ రిజిస్టరులో ఉన్నదాన్ని కోర్టు ప్రాథమిక సాక్ష్యంగా తీసుకుంటుంది. ఇన్నేళ్ళుగా రిజిస్ట్రాఫీసు గుమ్మంలో బతుకుతున్నవాణ్ణి, ముద్ర పడ్డ కాగితానికి ఉండే విలువ నాకు తెలుసు. హైదరాబాద్‌లో తెలుగు సినీ రచయితల సంఘంలో కూడా కథ రిజిస్టర్ చేసుకోవచ్చు. నీ జీవితకాలం, ఆ పైన ఇంకో 60 ఏళ్ళు ఆ రాత నీ వాళ్ళదే. నాకు చేను కొనడం చేతకాలేదు గానీ నువ్వు నీ మనవలకి పంటు సీను ఇచ్చిపోవచ్చు.

యూట్యూబ్‌కి కాపీరైట్ ఫిర్యాదు ఈ రాత్రే కొట్టేస్తానన్నావు. ఆగు. ఫిర్యాదు పెడితే వీడియో తీసేస్తారు, నిజమే, ఛానెల్‌కి స్ట్రైక్, అంటే తప్పు చేశారన్న మచ్చ, కూడా పడుతుంది. కానీ వాళ్ళు ఎదురు నోటీసు ఇస్తే, నువ్వు కోర్టుకి వెళ్ళినట్టు 10 పనిదినాల్లో చూపించకపోతే మళ్ళీ పెట్టేస్తారు. మన చట్టంలోనూ అంతే, ఫిర్యాదు మీద 21 రోజులు ఆపుతారు, ఆలోగా కోర్టు ఆర్డరు తేవాలి. అందుకని ముందు పట్టిక, తర్వాత లాయరు, లీగల్ నోటీసు, దావా కాగితాలు సిద్ధం, అప్పుడు ఫిర్యాదు. వాళ్ళ ఆఫీసు బెంగళూరులో ఉందని దిగులుపడకు, కాపీరైట్ దావా నువ్వు ఉంటున్న ఊళ్ళోనే వేసుకోవచ్చని 62వ సెక్షన్‌లో ఉంది. పోలీసు కేసూ ఉంది, ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా, కానీ నన్నడిగితే దాంతో మొదలుపెట్టొద్దు. స్టేషన్‌లో కూర్చుని సీన్ ఆర్డరు, డైలాగు వెర్షను అంటే ఏమిటో ఫిర్యాదు రాసుకునే స్టేషన్ రైటరుకి చెప్పే ఓపిక నీకు ఉండదు.

పేర్లతో సహా ఫేస్‌బుక్‌లో పెద్ద పోస్టు రాసి పెట్టానన్నావు. రాయి, దాచుకో. ఇప్పుడు పెడితే వాళ్ళు జాగ్రత్తపడతారు, ఒక్క మాట అటూఇటూ అయితే పరువునష్టం అంటూ నీ మీదే తిరగబడతారు.

ఇంతకీ నీకేం కావాలి? వీడియో పోవాలా, డబ్బులా, పేరా? మీ అమ్మ డబ్బులంటుంది. నేను పేరంటాను. ఆ వీడియో మొదట్లో "రచన" అని నీ పేరు పడాలి, పారితోషికం ఇవ్వాలి, ఒప్పుకుంటే కాగితం మీద ఒప్పుకోవాలి. హక్కులు అమ్మేసినా సరే, ఇది రాసింది నేనే అని చెప్పుకునే హక్కు రచయితకి ఉంటుందని 57వ సెక్షన్. రాజీకి వస్తే మాత్రం ఆ ఒప్పందం నాకు చూపించకుండా సంతకం పెట్టావంటే ఊరుకోను. ఎన్నేళ్ళకి ఇస్తున్నావో, ఏ ప్రాంతానికి ఇస్తున్నావో రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్ళకి, మన దేశం వరకే ఇచ్చినట్టు చూస్తుంది. అందుకే తెలివైనవాళ్ళు "శాశ్వతంగా, ప్రపంచవ్యాప్తంగా, సర్వహక్కులతో" అని చిన్న అక్షరాల్లో ఇరికిస్తారు, అక్కడ వేలు పెట్టి చదువు.

ఇక నువ్వు రాసిన ఆఖరి ముక్క, "ఇంకెవరికీ చూపించను" అన్నది. చూపించకపోతే ఎవరు తీస్తారే? హాలీవుడ్ డైరెక్టరు టరంటినో అంతటివాడు ఆరుగురికి ఇచ్చిన స్క్రిప్టు 2014లో బయటికి పొక్కిందని, అసలు తీయనే తీయనన్నాడని, మళ్ళీ తీశాడని నువ్వే నాకు చెప్పావు. పాలకొల్లులో పుట్టి సినిమాల్లోకి వెళ్ళినవాళ్ళు, అల్లు రామలింగయ్య గారు, దాసరి గారు, కోడి రామకృష్ణ గారు, బీరువాలో దాక్కుంటే అయ్యేవాళ్ళా? ముక్కూమొహం తెలీనివాళ్ళకి ఒక పేజీ సినాప్సిస్ పంపు, డైలాగులతో సహా ఉన్న బౌండ్ స్క్రిప్టు వద్దు. పంపిన ప్రతి పీడీఎఫ్ మీదా ఎవరికి పంపావో వాళ్ళ పేరు అడ్డంగా పడేలా చెయ్యి. అన్నిటికంటే ముఖ్యం నరేషన్లు. మీ ఫీల్డులో కథ నోటితో చెప్పడమే కదా, రెండు గంటలు చెప్పి, టీ తాగి, "చూద్దామండీ" అనిపించుకుని వచ్చేస్తారు, కాగితం ఉండదు. వచ్చిన వెంటనే ఒక మెయిల్ పెట్టు, "ఈ రోజు మీ ఆఫీసులో ఫలానా కథ మీకు, ఫలానావారికి చెప్పాను, ఇది మన మధ్యే ఉండాలని కోరుతున్నాను" అని, సినాప్సిస్ జతచేసి. 2003లో బొంబాయి హైకోర్టులో సన్‌డయల్ అనే సంస్థ జీ టెలిఫిల్మ్స్ మీద ఆర్డరు తెచ్చుకుంది, వీళ్ళు నమ్మి చెప్పిన సీరియల్ కాన్సెప్టుని వాళ్ళు వాడేసుకున్నారని. అక్కడ కాపీరైట్‌తో పాటు నమ్మకంతో చెప్పిన రహస్యం అన్న మాట కూడా పనిచేసింది. నీ ఐడియా బాధకి మందు ఏదైనా ఉంటే అందులోనే ఉంది.

భీమవరంలో నాకు తెలిసిన లాయరు ఒకాయనతో మాట్లాడాను, ఇలాంటివి చూసే హైదరాబాద్ లాయరు నంబరు ఇస్తానన్నారు. నువ్వు ఆదివారంలోగా రికార్డింగు, చాట్, డ్రాఫ్టులు అన్నీ రెండు పెన్‌డ్రైవుల్లో ఎక్కించి ఒకటి నాకు కొరియర్ చెయ్యి, వాట్సాప్‌లో పంపకు, అందులో వీడియో క్వాలిటీ పోతుంది. పట్టిక ముందు నువ్వు చెయ్యి, నేను దిద్దుతాను. ఫీజు సంగతి నీకెందుకు, కొబ్బరికాయ దింపు డబ్బులు వచ్చాయి.

నాన్న