ముందు పేర్లు రాయాలి

అమ్మలూ,

నువ్వు పంపిన ఫొటోలు ఒక్కొక్కటీ పెద్దవి చేసుకుని మరీ చూశాను. అమెరికాలో కాన్సస్ యూనివర్సిటీ ఉన్న లారెన్సు ఊరికి వెళ్లాక యూనివర్సిటీ, పార్ట్‌టైం, గది తప్ప నీకు నాలుగో దారి తెలియదనుకున్నాను. మొత్తానికి మీ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ ఆడే ఆలెన్ ఫీల్డ్‌హౌస్‌ని ఆనుకుని ఉన్న బూత్ హాలుకి, అంటే ఆటల మ్యూజియానికి వెళ్లి, కాన్సస్ పాత ఆటగాళ్ల జెర్సీలూ కప్పులూ చూసొచ్చావు. ఆడపిల్లల కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా చేసి రిటైరైన అమ్మకి ఇంతకంటే ఏం పంపాలి చెప్పు.

"పైన వేలాడదీసిన జెర్సీల్లో ఒకటి అసలు ఆటగాడిదే కాదట, రేడియోలో మాట్లాడినాయనదట, విచిత్రంగా లేదూ?" అన్నావు. నేను నోరు తెరిచేలోగా నీ షిఫ్టు వేళయింది. ఫోనులో సగంలో ఆగిపోయే సంగతి కాదని కాగితం తీశాను.

ఆయన పేరు మాక్స్ ఫాల్కెన్‌స్టీన్. 1946లో మొదలుపెట్టి 2006 దాకా కాన్సస్ జట్టు ఆటలకి వ్యాఖ్యానం చెప్పాడు. అరవై ఏళ్లు చెప్పాడు కాబట్టి 60 నంబరు. బంతి ముట్టని మనిషికి జెర్సీ ఏమిటని నీకనిపించింది. నేనే అక్కడుంటే ముందు దానికే దణ్ణం పెట్టేదాన్ని. ఆ ఊరికి రాలేని రైతులకీ, ట్రక్కు నడిపేవాళ్లకీ, మంచాన పడ్డవాళ్లకీ ఆట అందింది ఆయన గొంతులోంచే కదా.

మా కాలేజీలో అలాంటి జెర్సీ ఒకటి కుట్టిస్తే మైదానం పనులు చూసే మా మార్కరుకి ఇవ్వాలి. నువ్వు చిన్నప్పుడు సున్నం తాత అనేదానివి, గుర్తుందా? తెల్లారకుండా వచ్చి, రాత్రి కుక్కలు తవ్విన గుంటలు పూడ్చి, మట్టి కోర్టు తడిపి, రోలరు లాగి, పురికొస పట్టి సున్నంతో గీతలు గీసేవాడు. ఖోఖో స్తంభం అంగుళం తేడాగా పాతినా ఊరుకునేవాడు కాదు, నన్నైనా సరే గదమాయించేవాడు. ఏ పిల్ల హాస్టల్లో టిఫిను తినకుండా వచ్చిందో, ఏ పిల్ల మడమ బెణికినా దాచుకుని ఆడుతోందో నాకంటే ముందు ఆయనకే తెలిసేది. ఇంటర్ కాలేజియేట్ కప్పు గెలిచినప్పుడల్లా గ్రూప్ ఫొటో దిగేవాళ్లం. ప్రిన్సిపాల్ గారు, కరస్పాండెంటు గారు, నేను కుర్చీల్లో, పిల్లలు వెనకాల. ఆ కుర్చీలు మోసుకొచ్చి వేసింది ఆయన. ఈమధ్య బీరువాలోని ఫొటోలన్నీ తిరగేశాను. ఒక్కదాంట్లో మాత్రం ఆయన చెయ్యి పడింది, షీల్డు అందిస్తూ.

మీ యూనివర్సిటీలోనే ఇంకో ఫొటో కథ ఉంది. బిల్లీ మిల్స్ అని అమెరికా ఆదివాసీల్లో ఒగ్లాలా లకోటా తెగ కుర్రాడు, కాన్సస్‌లో చదువుతూ దూరపు పరుగులు పరిగెత్తేవాడు. ఆల్ అమెరికన్, అంటే దేశంలో మేటి కాలేజీ రన్నర్లందరికీ ఫొటో తీస్తుంటే, నువ్వు పక్కకి జరుగు అన్నాడట ఫొటోగ్రాఫరు. ఈ మాట మిల్సే చాలాసార్లు చెప్పుకున్నాడు. ఆ మనిషే 1964 టోక్యో ఒలింపిక్స్‌లో, గెలుస్తాడని ఎవరూ లెక్కలోకి తీసుకోని పదివేల మీటర్ల పరుగులో బంగారు పతకం తెచ్చాడు. ఇప్పుడు ఆయన పేరు లేకుండా కాన్సస్ ట్రాక్ చరిత్ర ఎవరైనా రాయగలరా?

జాన్ మెక్‌లెండన్ కథ ఇంకా చేదు. బాస్కెట్‌బాల్ కనిపెట్టిన నైస్మిత్ దగ్గరే శిష్యరికం చేసి, 1936లో మీ దగ్గరే డిగ్రీ తీసుకున్నాడు. నల్లవాడు కాబట్టి కాలేజీ జట్టులో ఆడనివ్వలేదు. తర్వాత ఆయన టెన్నెసీలో కోచ్ అయి 1957, 58, 59 వరసగా మూడేళ్లు జాతీయ ఛాంపియన్‌షిప్ గెలిపించాడు. ఆటలో గొప్పవాళ్ల పేర్లు చేర్చి గౌరవించే, స్ప్రింగ్‌ఫీల్డులో ఉన్న బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ 1979లో ఆయన్ని చేర్చుకుంది, ఆటకి సేవ చేసినవాడిగా. కోచ్‌గా చేర్చుకున్నది 2016లో. అప్పటికి ఆయన పోయి పదిహేడేళ్లు. ఇలాంటి జాబితాలో పేరు ఉండటం ఎంత గొప్పో, ఏ వరసలో ఏ ఏడాది చేరిందన్నదీ అంతే చూడాలి.

నైస్మిత్ గారినే తీసుకో. 1891 డిసెంబరులో, చలికాలం బయట ఆడలేని కుర్రాళ్ల కోసం స్ప్రింగ్‌ఫీల్డులోని వై.ఎం.సి.ఎ. శిక్షణ కాలేజీలో కొత్త ఆట ఆలోచించాడు. రెండు పెట్టెలు కావాలని ఆ భవనం పనులు చూసే స్టెబిన్స్‌ని అడిగితే, పెట్టెల్లేవు, పీచ్ పళ్ల బుట్టలున్నాయి అని తెచ్చిచ్చాడు. గోడకి బిగించింది ఆ బుట్టలే. చూశావా, ఆట పుట్టిన రోజునే ఒక మార్కరు ఉన్నాడు! ఆ పదమూడు నియమాలు టైపు చేసిన రెండు కాగితాలు 2010లో వేలంలో 43 లక్షల డాలర్లు పలికాయి. కాన్సస్‌లో చదివిన బూత్ కొని మీ యూనివర్సిటీకి ఇచ్చాడు. నువ్వు వెళ్లిన హాలుకి పక్కనే డిబ్రూస్ సెంటర్లో ఉంటాయి, ఈసారి వెళ్లి చూడు.

1898లో కాన్సస్ చేరిన నైస్మిత్ కోచ్‌గా గెలిచినవి 55, ఓడినవి 60. అక్కడి బాస్కెట్‌బాల్ కోచుల్లో గెలుపులకంటే ఓటములు ఎక్కువున్నది ఆయనొక్కడికే. అయినా ఆలెన్ ఫీల్డ్‌హౌస్‌లో కోర్టుకి ఆయన పేరే పెట్టారు. మన కాలేజీల్లో పి.డి.ని ఎలా తూస్తారో నీకు తెలియనిదా? ఈ ఏడు ఎన్ని కప్పులు? అంతే. టి.ఏ., డి.ఏ. మంజూరు కాకపోతే చేతి డబ్బుతో పిల్లల్ని బస్సెక్కించిన సంగతి ఏ రిజిస్టరులోనూ ఉండదు.

నీకు తెలియని చుట్టరికం ఒకటి చెప్పనా? నేను బి.పి.ఎడ్. చదివిన మద్రాసు నందనం వై.ఎం.సి.ఎ. కాలేజీని 1920లో పెట్టిన హెచ్.సి. బక్ ఆ స్ప్రింగ్‌ఫీల్డులో చదువుకున్నవాడే. 1924 పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్లిన మన జట్టుకి శిక్షణ ఇచ్చింది ఆయనే. మన జిల్లాల్లో పాత డ్రిల్లు మాష్టార్లు ఎందరో ఆ కాలేజీలోంచి వచ్చినవాళ్లే. అంటే నైస్మిత్ బుట్ట దగ్గర మొదలైన దారి మద్రాసు మీదుగా మా మట్టి కోర్టు దాకా వచ్చింది.

హైదరాబాదు రహీమ్ సాబ్ కూడా బడిపంతులే. 1951లో, 1962లో మన ఫుట్‌బాల్ జట్టుకి ఏషియన్ గేమ్స్ స్వర్ణాలు సాధించిపెట్టి, 1963లో కేన్సరుతో పోయాడు. కోచ్‌లకి ద్రోణాచార్య అవార్డు పెట్టింది 1985లో, ఆయన పోయిన ఇరవై రెండేళ్లకి.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా పూర్వ విద్యార్థినులు కొందరు కాలేజీలో హాల్ ఆఫ్ ఫేమ్ పెడదామని పట్టుదలగా ఉన్నారు. సంతోషమే. మన సన్మానాల సంగతి తెలిసిందేగా: శాలువా, మెమెంటో, ఫ్లెక్సీ మీద ముఖ్య అతిథి ఫొటో గుమ్మడికాయంత, ఆటగత్తెలవి ఆవగింజంత. మంత్రిగారు రెండు గంటలు ఆలస్యంగా వస్తారు, ఊరి నుంచి పిల్లాణ్ణి చంకనేసుకొచ్చిన కబడ్డీ కెప్టెను ఎండలో నిలబడుతుంది. అలాగైతే నేను రానన్నాను. ముందు పేర్లు రాద్దాం, తేదీ తర్వాత చూద్దాం అన్నాను.

పేర్లు రాయడమే గగనంగా ఉంది. పుట్టింటి ఇంటిపేరుతో ఆడారు, మెట్టినింటి ఇంటిపేరుతో ఉన్నారు. కొందరు పోలీసు ఉద్యోగాల్లో, రైల్వేలో ఉన్నారు కాబట్టి దొరికారు. మిగతావాళ్లని పెళ్లి శుభలేఖలు పట్టుకుని వెతుకుతున్నాను. యూనివర్సిటీ జట్టుకి ఆడిన పిల్ల ఒకతె, సర్టిఫికెట్ ఏదమ్మా అంటే, అత్తగారింట్లో వరదలో పోయింది మేడం అంది. మా స్టాకు రిజిస్టరులో బంతులూ నెట్లూ లెక్కగా ఉన్నాయి. ఆడిన పిల్లల పేర్లే లేవు.

అమెరికాలో అన్నీ సవ్యంగా రాసుకున్నారనీ అనుకోకు. నువ్వు ఫొటో తీసిన 31 నంబరు జెర్సీ లినెట్ వుడార్డ్‌ది. 1981కల్లా కాన్సస్ తరఫున 3,649 పాయింట్లు చేసింది. ఆమె ఆడినన్నాళ్లూ ఆడపిల్లల పోటీలు వేరే సంఘం కింద నడిచాయని, అక్కడి కాలేజీ ఆటల సంఘం ఎన్.సి.ఎ.ఎ. రికార్డు పుస్తకంలో ఆ లెక్క ఎక్కలేదు. 2024 ఫిబ్రవరిలో కైట్లిన్ క్లార్క్ అనే కాలేజీ ఆటగత్తె పాయింట్లలో ఆమెను దాటుతుంటే గానీ లోకమంతా వుడార్డ్ ఎవరని వెతకలేదు.

బతికుండగా పిలవడం మాత్రం మీవాళ్లని చూసి నేర్చుకోవాలి. కాన్సస్ బాస్కెట్‌బాల్ ఆటగాడు విల్ట్ చాంబర్లిన్ 1957 కాలేజీల ఫైనల్లో మూడు ఓవర్‌టైములు ఆడి ఒక్క పాయింటుతో ఓడాక, తనవల్లే పోయిందని జనం అనుకుంటారేమోనని కాన్సస్‌కి దాదాపు నలభై ఏళ్లు దూరంగానే ఉన్నాడు. 1998 జనవరిలో పిలిచి ఆయన 13 నంబరు జెర్సీ గౌరవంగా పైన వేలాడదీశారు. కాలేజీ నాటి జాకెట్ వేసుకుని వచ్చాడు. మరుసటి ఏడు అక్టోబరులో పోయాడు. ఇంకాస్త తాత్సారం చేసి ఉంటే? మా మార్కరుకి ఇప్పుడు చూపు సరిగా ఆనడం లేదు. అందుకే నా తొందర.

నువ్వు చేయాల్సిన పని: మీ అథ్లెటిక్స్ ఆఫీసులో అడిగి నాకు రాయి. పేరు ఎవరు ప్రతిపాదించాలి? రుజువుగా ఏం అడుగుతారు? అక్కడ చాలా కాలేజీల్లో ఆట మానేశాక అయిదేళ్లో పదేళ్లో గడిస్తే గానీ పేరు పరిశీలించరట. మరి పనివాళ్లకి కూడా అదే నియమమా, లేక ఉద్యోగంలో ఉండగానే తీసుకుంటారా? జట్టు మొత్తాన్ని కలిపి ఒక పేరుగా చేరుస్తారా? ఈసారి ఫొటోలు తీస్తే జెర్సీలు వద్దు, వాటి కింద రాసిన నాలుగు వాక్యాలు తియ్యి. ఎంత క్లుప్తంగా రాశారో చూడాలి, మావాళ్లు ఒక్కొక్కరికీ పేజీ రాస్తామంటున్నారు.

మొదటి ఏడు అయిదు పేర్లతో సరిపెడదామని ఒప్పించాను. నలుగురు ఆటగత్తెలు ఎవరన్నది వాళ్లూ వాళ్లూ తేల్చుకోమన్నాను. అయిదో పేరు మార్కరుది. ఆఫీసు స్టాఫుని ఇందులో కలపడం ఏమిటని ఒకరిద్దరు గొణిగారు. నీ ఉత్తరం రాగానే ఫాల్కెన్‌స్టీన్ జెర్సీ ఫొటో ప్రింటు తీసి మీటింగులో బల్ల మీద పెడతాను.

నాన్న కందిపొడి, గోంగూర పచ్చడి పార్సిలు కట్టారు. పచ్చడి ఫ్రిజ్‌లో పెట్టుకో.

అమ్మ