విప్లవం అన్న మాటను ఆచితూచి వాడాలి

ప్రభుత్వం కూలిన రోజునే విప్లవంగా భావించి, ఆ తర్వాత జరిగేదాన్ని పట్టించుకోకపోవడం మన రాజకీయ చర్చల్లో పాతుకుపోయిన లోపం. ఏ దేశంలో జనం వీధుల్లోకి వచ్చినా ఒకరు దాన్ని విముక్తిగానూ మరొకరు అరాచకంగానూ వెంటనే తేల్చేయడం చాలాకాలంగా గమనిస్తున్నాను. అధికారం ఎవరి చేతికి వచ్చింది, ఏ చట్టం మారింది అని ఆ ఇద్దరిలో ఎవరూ అడగరు. 1789 జులైలో పారిస్‌లోని జైలు అయిన బాస్టిల్ కోట పతనాన్ని అందరూ తలుచుకుంటారు గానీ, మరుసటి నెలలోనే ఫ్రెంచి జాతీయ సభ భూస్వామ్య హక్కుల రద్దును ప్రకటించిన సంగతీ, 1804 నాటికి ఆ దేశమే చక్రవర్తి పాలనలోకి వెళ్లిన సంగతీ ప్రస్తావనకు రావు. రష్యాలో 1917లో చక్రవర్తి జార్‌ను దించినది ఫిబ్రవరి విప్లవం, లెనిన్ నాయకత్వంలోని బోల్షివిక్కులకు అధికారం దక్కినది అక్టోబరులో. రెంటినీ ఒకే ఘటనగా చెప్పుకోవడం వల్ల, యుద్ధం, భూమి, తిండి సమస్యలను తీర్చలేక మధ్యలోని తాత్కాలిక ప్రభుత్వం ఎలా కూలిందన్న అతి ముఖ్యమైన భాగం మరుగునపడుతోంది. రక్తపాతం లేనిదే విప్లవం కాదన్న నమ్మకమూ సరికాదు: పోర్చుగల్‌లో 1974 ఏప్రిల్ 25న సైనికాధికారుల తిరుగుబాటు దశాబ్దాల నియంతృత్వాన్ని దాదాపు రక్తపాతం లేకుండా ముగించగా, సరిగ్గా ఏడాదికి రాజ్యాంగ సభకు ఎన్నికలు జరిగాయి. అందువల్ల పత్రికలు మార్పు తేలేవరకు తిరుగుబాటు, సైనిక కుట్ర, ప్రజాందోళన అనే మాటల్లో తగినదాన్నే వాడి, ఏడాదికీ ఐదేళ్లకూ ఆ దేశపు రాజ్యాంగం, ఎన్నికలు, న్యాయస్థానాలు, భూమి హక్కుల స్థితిపై తప్పనిసరిగా మళ్లీ కథనాలు ప్రచురించాలి.