మిరప నారుకు కాదు, వంగడానికి కావాలి టిష్యూ కల్చర్

సంపాదకుడు గారికి,

పోయిన చలికాలం మా మిద్దెతోట కోసం ఒక నర్సరీలో పాతిక మిరప మొక్కలు కొన్నాను. మొక్క 15 రూపాయలు. ఇంత రేటేమిటయ్యా అంటే, ‘టిష్యూ కల్చర్ మిర్చి సార్, వైరస్ దగ్గరకు రాదు’ అన్నాడు కుర్రాడు. మొక్కలోని చిన్న ముక్కను ల్యాబ్‌లో, సీసాలో పోషకాల మీద పెంచి కొత్త మొక్కలు చేయడమే టిష్యూ కల్చర్. ఏళ్ల తరబడి వృక్షశాస్త్రం పాఠాలు చెప్పినవాణ్ణి, నవ్వుకుంటూనే కొన్నాను. నెల తిరక్కుండా ఆకులన్నీ ముడుచుకుపోయాయి. నాకు పోయింది 375 రూపాయలే. ఆనందపురం వైపు అరెకరంలో మిరప వేసే రైతు ఇదే మాట నమ్మితే?

అరటి సంగతి వేరు. దానికి పిలకలే దిక్కు, పిలకతో పాటు తెగులూ కొత్త తోటకు చేరుతుంది. అందుకే అక్కడ ల్యాబ్ మొక్కకు అంత విలువ. మిరప గింజతో వస్తుంది. పైగా సీసాలో అది మహా మొండిది, మొగ్గలు గుత్తులుగా పుడతాయి గాని కాడ సాగదు. ఒకవేళ వైరస్ లేని మొక్కే వచ్చిందనుకుందాం, తోటలో ఆ వైరస్‌ను మోసుకొచ్చే తెల్లదోమ వాలితే ముడత రాకుండా ఆగుతుందా?

ముడతను తట్టుకునే గుణం వంగడంలో ఉండాలి. టిష్యూ కల్చర్ మిరపకు నిజంగా పనికొచ్చేది ఆ వంగడం తయారుచేసే చోటే. మిరపకు 24 క్రోమోజోములు. విచ్చని మొగ్గలోంచి పుప్పొడి తిత్తులు తీసి సీసాలో పెంచితే 12 క్రోమోజోముల మొక్కలు పుడతాయి. కాల్చిసిన్ మందుతో ఆ సంఖ్యను రెట్టింపు చేస్తే గుణాలు స్థిరపడిన లైన్, అంటే గింజ వేసినా అవే గుణాలతో వచ్చే శుద్ధ వంశం, ఒక్క తరంలో చేతికొస్తుంది. పొలంలో దీనికి ఆరేడు తరాలు పడుతుంది. 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్తలు గుహ, మహేశ్వరి ఉమ్మెత్త మీద చూపించిన విద్యే ఇది. ఉమ్మెత్తా మిరపా ఒకే కుటుంబం మరి!

కాయకుళ్లును తట్టుకునే గుణం కాప్సికమ్ బకాటమ్ అనే వేరే జాతి మిరపలో ఉంది. మన మిరపతో సంకరం చేస్తే చాలాసార్లు గింజలోనే పిండం చచ్చిపోతుంది. దాన్ని ముందే తీసి సీసాలో బతికించాలి. 2021లో నల్ల తామర పురుగు మిరప తోటలను ఎలా ఊడ్చేసిందో చూశాం. అలాంటివి వచ్చినప్పుడు ఆరేడు తరాలు ఆగే తీరిక ఎక్కడిది?

గుంటూరు దగ్గర లాం పరిశోధన కేంద్రంలో ఎల్‌సీఏ-334 లాంటి మన రకాలున్నాయి. ఇక్కడ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చదివే పిల్లలున్నారు. మా రోజుల్లో ప్రాక్టికల్స్‌కి క్యారెట్ ముక్కలు, పొగాకు ఆకులే ఇచ్చేవాళ్లం. ఇప్పటి పిల్లల చేతికి లాం మిరప మొగ్గలివ్వండి. ఒక రకానికి కుదిరిన పద్ధతి ఇంకో రకానికి కుదరదు కనుక ఈ పని బయటినుంచి అరువు తెచ్చుకునేది కాదు. దీనికి ప్రభుత్వం నాలుగైదేళ్లు నిలకడగా డబ్బివ్వాలి. వచ్చిన లైన్లు అందరికీ అందుబాటులో ఉంచాలి. ఈలోగా ఉద్యానశాఖ అధికారులు నర్సరీలకు వెళ్లి, ‘టిష్యూ కల్చర్ మిర్చి’ అని బోర్డు కనిపిస్తే ఏ ల్యాబ్ నుంచి తెచ్చారో కాగితం చూపించమని అడగాలి.

– ఒక రిటైర్డ్ అధ్యాపకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం