మా నాన్న వేసిన రూటు

కందుకూరు,
శుక్రవారం రాత్రి

ఒరేయ్ శీనూ,

ముందు నాలుగు తిట్లు తిట్టేసి తర్వాత చదువు. నువ్వు దసరాకి రాసినదానికి కార్తీకంలో జవాబిస్తున్నాను, ఆఫీసూ సెలవులూ అంటూ సాకులు చెప్పినా నువ్వెట్టాగూ నమ్మవు కాబట్టి చెప్పను. ఫోన్ చేద్దామనే అనుకున్నా. కానీ నువ్వు సగంలోనే నవ్వేసి కథంతా చెడగొడతావు, పైగా ఇది మా నాన్న సంగతి, ఆయన పక్క గదిలోనే ఉన్నాడు.

ఊరి కబుర్లు గబగబా చెప్పేస్తా. చెల్లెలి కూతురికి మూడో నెలలో బారసాల చేశాం, పేరు పెట్టాం గానీ ఎవరికి నచ్చిన పేరుతో వాళ్ళు పిలుస్తున్నారు. మీ ఇంటికి వెళ్ళొచ్చా. అమ్మ బాగుంది, బీపీ మాత్రలు వేళకి వేసుకుంటోంది, నీ పెళ్ళి మాట ఎత్తబోతే జామకాయ నోట్లో పెట్టుకుని తల ఊపుతూ తప్పించుకున్నా. పొగాకు నాట్లు అయ్యాయి, వాన ఎక్కువై కొందరు మళ్ళీ నాటుకుంటున్నారు. పెసరట్టు మాస్టారు కనిపించి నిన్ను అడిగాడు. ఏం అడిగాడో నీకు చెప్పక్కర్లేదనుకుంటా.

ఇక అసలు విషయం. మా నాన్న మాట్లాడాడ్రా!

నవ్వకు. నీకు తెలుసుగా ఆయన సంగతి. బస్సు కండక్టరుగా రిటైరైనప్పటి నుంచీ ఆ వసారాలో ప్లాస్టిక్ కుర్చీ, పేపరు, సాయంత్రం ఆకాశవాణి వార్తలు. నేనొస్తే "ఎప్పుడొచ్చావు", వెళ్తుంటే "చేరగానే ఫోన్ చెయ్యి", మధ్యలో ఏమీ ఉండదు. లలిత అయితే పెళ్ళైన దగ్గర్నుంచీ ఆయన నోట "అన్నం తిన్నావామ్మా" తప్ప ఇంకో వాక్యం విన్న పాపాన పోలేదు. తనమీద ఏదో కోపమని మొదట్లో టెన్షన్ పడేది కూడా. డ్యూటీలో రోజంతా అరిచి అరిచి ఇంటికొచ్చాక గొంతు దాచుకోవడం అలవాటైన మనిషి, అంతేనని నేను సర్దిచెప్పేవాణ్ణి. నిజానికి నాకూ తెలీదు.

బారసాల మర్నాడు రాత్రి అందరం హాల్లో కింద కూర్చుని తింటున్నాం. నెల్లూరు నుంచి మా పెదమామయ్య, ఒంగోలు నుంచి బాబాయి, ఇంకా ఎవరెవరో. సెలవు ఇంకా మిగిలుందిగా, ఎటైనా వెళ్దామా అన్నాన్నేను. లలిత పప్పులో నెయ్యి వేసుకుంటూ, పాపం నిజంగానే తెలుసుకుందామని అడిగింది: "మావైపు ఎటెళ్ళినా కాలవో, గోదారో, కొబ్బరితోటో కనబడతాయండి. ఇక్కడ చూడ్డానికేం ఉంటాయండి?"

అంతే, గరిటెలు ఆగిపోయాయి. అమలాపురం అమ్మాయి మన గడ్డమీద కూర్చుని అంత మాట అంటుందా! మామిడికాయల కాలమైతే ఉలవపాడు తోటలోకి తీసుకెళ్ళి నోరు మూయించేవాణ్ణి, ఇప్పుడేం చేస్తాం.

మామయ్య మొదలెట్టాడు. మైపాడు బీచి, పెన్న ఒడ్డున రంగనాయకులస్వామి, నేలపట్టులో గూడబాతులు, పులికాట్‌లో ఎర్రకాళ్ళ కొంగలు, పైగా ఇప్పుడు పక్షులొచ్చే కాలం కూడా. ఇక్కడ్నుంచి నెల్లూరు దాటి, నాయుడుపేట దాటి వెళ్ళాలి కదా మామయ్యా అంటే, మిమ్మల్నీ నెల్లూరు జిల్లాలో కలిపారుగా, మన నెల్లూరువైపు మనం తిరక్కపోతే ఎట్టా అన్నాడు. బాబాయికి అన్నం ముద్ద గొంతులో అడ్డం పడింది. 2022లో కాగితం మీద కలిపినంత మాత్రాన మేం నెల్లూరోళ్ళం అయిపోతామా, ఈ నేల ఒంగోలుదే అని ఆయన. 1970లో ఒంగోలు జిల్లా పుట్టేదాకా ఈ కందుకూరు మా నెల్లూరుదే, వెళ్ళి చదువుకో అని ఈయన. బాబాయి సోషల్ మాస్టారని మర్చిపోయి చదువుకోమన్నాడ్రా! ఆ యుద్ధం పెరుగన్నం దాకా నడిచింది.

తేరుకున్నాక బాబాయి ఉదయగిరి కోట ఎత్తుకున్నాడు. రాయలవారు ఏడాదిన్నర ముట్టడి వేసి 1514లో గజపతుల దగ్గర్నుంచి గెలుచుకున్న కోట, అక్కడి బాలకృష్ణుణ్ణే తీసుకెళ్ళి హంపీలో గుడి కట్టి పెట్టాడు, అంతకంటే ఏం కావాలమ్మా అని లలితనే నిలదీశాడు. ఉదయగిరిలో చెక్క గరిటెలు దొరుకుతాయట కదండీ అంది తను. నర్ది, బిక్కి చెక్కతో చేస్తారే, ఆ ఊరి సరుకని జీఐ గుర్తింపు కూడా వచ్చిందీ, అవే. కోట గురించి చెబుతుంటే గరిటెలు అడిగిందని బాబాయి చిన్నబుచ్చుకున్నాడు. తమ్ముడేమో రామాయపట్నం బీచి చాలు, పోర్టు కట్టేది కూడా చూసి మధ్యాహ్నానికి ఇల్లు చేరొచ్చంటాడు, వాడికి సాయంత్రం క్రికెట్ ఉంది. అమ్మ ఒకటే మాట. ఎక్కడికెళ్ళినా సరే, శనివారం మాలకొండ ఎక్కాల్సిందే. మాలకొండ నరసింహస్వామి వారంలో ఆ ఒక్కరోజే దర్శనమిస్తాడు, మిగతా రోజులు దేవతలూ మునులూ కొలుస్తారని మనవాళ్ళ నమ్మకం. లలిత నమ్మలేదు, వారానికోసారి తెరిచే గుడా అని కళ్ళు పెద్దవి చేసింది.

అప్పుడు, ఆ గోలలో, చెయ్యి కడుక్కుని వస్తూ నాన్న ఒకే ఒక్క మాట అన్నాడు.

"భైరవకోన."

అందరం ఆయన వంక చూశాం. ఆయన లలిత వంక చూశాడు. "వలేటివారిపాలెం, పామూరు, సి.ఎస్.పురం, కొత్తపల్లి. ఆపైన కొండే. మాలకొండ కూడా అదే రోడ్డు పక్కన." నేను పెద్ద స్టేజీలే రాస్తున్నాను గానీ ఆయన మధ్యలో ఒక్కటి కూడా వదల్లేదురా. ప్రతి ఊరూ, ప్రతి మలుపూ, చింతచెట్టు దగ్గర రిక్వెస్టు స్టాపుతో సహా వరసగా చెప్పుకుపోయాడు, చేత్తో లేని టికెట్లు చింపుతూ.

"అక్కడేం ఉంటుందండి మామయ్యగారూ?" అంది లలిత.

ఇక చూడు. స్వీటు డబ్బా మూత తీసుకున్నాడు, చెల్లెలి దగ్గర పెన్ను లాక్కున్నాడు. ఇది కొండ, ఇది సెలయేరు, ఇదిగో ఇక్కడ ఒకే రాతిని తొలిచి ఎనిమిది శివాలయాలు, ఒక్క రాయి కూడా పేర్చింది కాదు తల్లీ, మొత్తం లోపలికి చెక్కిందే, మహాబలిపురం పని లాంటిదే, వెయ్యేళ్ళ పైమాట. కాలభైరవుడు క్షేత్రపాలకుడు, అందుకే ఆ పేరు. రెండొందల అడుగుల పైనుంచి నీళ్ళు పడతాయి, వానలు బాగా పడ్డాయి కాబట్టి ఇప్పుడు చూడాలి. ఇంత లోపల, ఇంత అడవిలో కూర్చుని ఎవరు చెక్కించారో చూడు అని ఆయనే ఆశ్చర్యపోతున్నాడు. బాబాయి పల్లవులు అని అందుకోబోతే "నువ్వాగు" అన్నాడు. మా నాన్న, బాబాయిని ఆపాడు!

శివరాత్రికి స్పెషల్ బస్సులు వేస్తే టాపు మీద కూడా జనమేనట, టికెట్లు కొట్టడానికి నిచ్చెన ఎక్కేవాడట. ఒక కార్తీక పౌర్ణమికి స్పెషల్ మీద వెళ్ళి ఆ రాత్రి అక్కడే ఉండిపోయారట. ఆ రాత్రి చంద్రుడి వెలుగు దుర్గమ్మ విగ్రహం మీద పడుతుందంటారే, దానికోసం జనమంతా నీళ్ళ పక్కన నిలబడి చూస్తుంటే, నాన్నా డ్రైవరూ బస్సు తాళం వేసి వెనకాల నిలబడ్డారట. "క్యాష్ సంచి భుజాన్నే ఉంది, అందుకని ముందుకు పోలేదు" అన్నాడు. వెలుగు పడిందా మామయ్యగారూ అంటే, "నా కళ్ళకి పడింది" అన్నాడు.

ఇవన్నీ మాకెప్పుడూ చెప్పలేదురా. నైట్ హాల్ట్ అంటే ఏ బస్టాండు బెంచీ మీదో దోమల్లో పడుకుంటాడనే అనుకునేవాళ్ళం, నా పరీక్షలప్పుడు, చెల్లెలికి టైఫాయిడ్ వచ్చినప్పుడు కూడా ఆయన నైట్ హాల్టే, అప్పట్లో నాకు ఎంత... సర్లే, అదిప్పుడెందుకు. అమ్మ మాత్రం వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింది. చివర్లో "నన్నొక్కసారైనా తీసుకెళ్ళారా" అంది. నాన్న జవాబు చెప్పలేదు, మూత మీద ఇంకో గీత గీశాడు.

ఇక అక్కడ్నుంచి ఇల్లు డిపో అయిపోయింది. అద్దెకి మాట్లాడింది తుఫాన్ అనే జీపు బండి. వాయుగుండం ఉందని వార్తల్లో చెబుతుంటే తుఫాన్లో తుఫాన్ ఎందుకురా అని మామయ్య జోకు, అది ఆయన ఎన్నిసార్లు వేశాడో లెక్క లేదు. నాన్న పామూరులో ఉన్న తన పాత డ్రైవర్‌కి ఫోన్ చేసి వాగులు ఎట్టా ఉన్నాయి, రోడ్డు ఎట్టా ఉందని ఆరా తీశాడు. వాయుగుండం తమిళనాడు వైపు పోతోందట, వాగులు దిగాయట. ఆ ఫోన్ అరగంట నడిచింది, రోడ్డు గురించి అందులో రెండు నిమిషాలే.

సీట్లు ఆయనే కేటాయించాడు. బాబాయికి కడుపులో తిప్పుతుంది కాబట్టి ముందు. చెల్లెలికి డ్రైవర్ వెనక సీటు. పసిబిడ్డతో అడవికా అని అమ్మ అడ్డం పడింది, మూడు నెలలుగా ఈ గోడలే చూస్తున్నానని చెల్లెలు ఏడుపు మొహం పెట్టింది. "బిడ్డ తల్లికి సీటు ఇవ్వాలి, రూలు" అన్నాడు నాన్న, అమ్మ ఇంకేం అనలేకపోయింది. జలపాతం దగ్గరికి మాత్రం బిడ్డని తీసుకెళ్ళకూడదని ఒప్పందం. నేనూ తమ్ముడూ వెనకాల, సామాను పక్కన. నీకు తెలిసిన ఆ రెండో సీటు సామ్రాజ్యం నాకు ఈసారి కూడా దక్కలేదు.

పెద్ద గొడవ మాలకొండ దగ్గర వచ్చింది. శనివారం పోవడమంటే మాలకొండ జనంతో కిటకిటలాడుతుంది, అక్కడ ఆగితే క్యూలోనే మధ్యాహ్నం అవుతుంది, ముందు కోన చూసి తిరిగొస్తూ కొండెక్కుదామని నాన్న. తిరిగొచ్చేసరికి దర్శనం అందకపోతే మళ్ళీ శనివారం దాకా తలుపు తీయరు, నన్ను వదిలేసి మీరే వెళ్ళండి అని అమ్మ. ఇద్దరూ ఒక పూటంతా మాట్లాడుకోలేదు. మామూలుగా అయితే అది మాకు తెలిసేది కూడా కాదు. చివరికి లలిత మధ్యలో దూరి, ఇంకో రెండు గంటలు ముందే బయల్దేరితే రెండూ కుదురుతాయి కదండీ అంది. నాన్న మూత మీద లెక్కేశాడు, కొట్టేశాడు, మళ్ళీ వేశాడు. తెల్లారకముందే మాలకొండ మెట్ల దగ్గర ఉండాలి అన్నాడు. అంటే రేపు రెండున్నరకి లేవాలి! అమ్మ గెలిచింది గానీ ఆ పెత్తనం కోడలి ఖాతాలో పడిందని కొంచెం కినుకగానే ఉంది.

మామయ్యకి వేరే భయం. మాలకొండ మీద అమ్మవారి దగ్గరికి వెళ్ళాలంటే కొండ చీలికలోంచి పోవాలిగా. ఎంత లావు మనిషైనా అందులోంచి పడతాడంటారు, ఈయన మాత్రం నిన్నట్నుంచీ రాత్రి అన్నం మానేసి ఇడ్లీ తింటున్నాడు. పదహారు ఇడ్లీలు తిన్నాక ఏం లాభమని చెల్లెలు. భైరవకోన నుంచి సీతారామపురం మీదుగా ఉదయగిరి ఎంతో దూరం లేదు, పోనీ అదీ చూసేద్దామని బాబాయి ఇంకా ఆశపడుతున్నాడు. రూటులో లేదని నాన్న.

లలితకి ఒకటే బాధ. ఇంత దూరం వచ్చి నెల్లూరు చేపల పులుసు తినకుండా వెళ్ళిపోవాలా అని. కార్తీకం, అందులోనూ శనివారం, ఆ మాట అమ్మ ముందు ఎత్తితే బండి దింపేస్తుంది. ఉసిరిచెట్టు కింద వనభోజనం, పులిహోర, దద్దోజనం, చింతకాయ పచ్చడి. చేపలు వేసవికి వచ్చినప్పుడు చూద్దాం.

ఇది చెప్పకపోతే నిద్ర పట్టదు. సాయంత్రం నాన్న బండి ఖర్చుకి అందరి దగ్గరా డబ్బులు వసూలు చేశాడు. కొడుకునని నన్నూ వదల్లేదు, నీకు ఆశ్చర్యమేం ఉండదులే, కాలేజీకి పోయేటప్పుడు కొడుకని నాకూ, కొడుకు స్నేహితుడని నీకూ ఒక్కనాడైనా టికెట్ కొట్టకుండా వదిలాడా? బాబాయి పెద్ద నోటు ఇస్తే చిల్లర లేదని, ఒక చీటీ చింపి వెనకాల ఎంత ఇవ్వాలో రాసి చేతిలో పెట్టాడు. ఒట్టురా! బాబాయి ఆ చీటీ పట్టుకుని మామయ్య వంక చూశాడు, మామయ్య నా వంక, ఇక ఎవరికీ నవ్వు ఆగలేదు. నాన్న కూడా నవ్వాడు. అప్పుడే అన్నాడు, "ఆ శీనుగాడు చిల్లర తీసుకోకుండానే దిగిపోయేవాడు, చాలా బాకీ ఉంటుంది" అని. నువ్వొచ్చినప్పుడు అడుగు, ఇస్తాడు. వడ్డీ మాత్రం అడక్కు.

ఇప్పుడాయన బీరువా మీంచి పాత తోలు సంచి దించాడు. క్యాష్ సంచే. అందులో మాత్రలూ, వాంతికి కవర్లూ, బిడ్డ గుడ్డలూ సర్దుతున్నాడు, లలిత టార్చి పట్టుకుని లిస్టు చదువుతోంది. ఇద్దరి మధ్యా ఏదో వాదన, కవర్లు ఎన్ని కావాలని. నేను వెళ్ళి మధ్యవర్తిత్వం చెయ్యాలేమో, లేకపోతే

అమ్మ పిలుస్తోంది, చింతపండు పిసకాలట. ఫోటోలు పెడతాను, నాన్నది ఒకటి తప్పకుండా. నీ పాస్‌పోర్టు కాగితాలు మీ అన్న దగ్గర తీసుకున్నాను, కొరియర్ సోమవారం వేస్తా, ఆ సంతకం విషయం మాత్రం నువ్వు వెంటనే... వస్తున్నానమ్మా!

ఉంటానురా,
నీ ప్రసాద్