ఈసారి జ్వరం ఒక్కటే అడగొద్దు, మంత్రి గారూ

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కరోనా కాలంలో జీతం ఆగిపోయిన ప్రైవేటు టీచర్లలో నేనొకణ్ని. అలాంటి రోగం మళ్లీ వస్తే మీ శాఖ ఇంటింటి సర్వేలో జ్వరంతో పాటు పని, నిద్ర సంగతి కూడా తప్పకుండా అడగాలి. అది కోరడానికే ఈ లేఖ.

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. 2021 ఫిబ్రవరిలో పెద్ద తరగతులు తెరిస్తే గండం గడిచిందనుకున్నాం. మార్చి 24 నుంచి మళ్లీ మూత. మనుషుల్ని కుంగదీసింది ఆ రెండో దెబ్బే. మొదటిసారి అందరికీ ఇంతే కదా అని సర్దుకున్నాం. రెండోసారికి చేతిలో ఏమీ మిగల్లేదు, అప్పిచ్చినవాళ్లూ ఆగలేదు.

కూరగాయలు అమ్మిన టీచర్లున్నారు, ఉపాధి హామీ పనికి పోయినవాళ్లున్నారు. నేనూ గడ్డపార పట్టాను. కష్టం చేయడానికి సిగ్గుపడలేదు సార్. కానీ అక్కడ మట్టి మోస్తున్న ఒకామె నా విద్యార్థి తల్లి. నన్ను చూడగానే తట్ట కింద పెట్టి, కొంగు సర్దుకుని "నమస్తే సార్" అంది. ఆమె ఇచ్చిన ఆ మర్యాదకే నాకు గొంతు పూడుకుపోయింది. ఆ తర్వాత చాలా రాత్రులు నిద్ర లేదు, అన్నం సయించలేదు, ఇంట్లో ఎవరు పలకరించినా చిరాకే. మన ఇళ్లలో దీన్ని జబ్బు అనరు, చేతగానితనం అంటారు.

2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం గుర్తింపు ఉన్న ప్రైవేటు బడుల సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. దాంతో పొయ్యి వెలిగిన ఇళ్లు నాకు తెలుసు. ఆ మేలు మరిచిపోలేం. మే నెలలో ఇంటింటి జ్వర సర్వే జరిగింది. ఆశా అక్క ఎండలో వచ్చి జ్వరముందా, దగ్గుందా అని అడిగి రాసుకుంది. లేవన్నాను. పక్కింటికి వెళ్లిపోయింది. ఆమె తప్పేం లేదు, కాగితంలో ఉన్నదే అడిగింది.

నన్ను నిలబెట్టింది ఒక తోటి టీచరు. రోజూ పొద్దున్నే ఫోన్ చేసి "లేచినవా?" అనేవాడు. అంతే, ఓదార్పు మాటలేమీ ఉండేవి కావు. ఒకరు అడుగుతారని లేచేవాణ్ని. అతని బలవంతం మీదే మొత్తం అప్పెంతో మా ఇంటామెకు చెప్పాను. ఆ రాత్రి నిద్ర పట్టింది. అలాంటి స్నేహితుడు లేనివాళ్ల సంగతేంటి సార్?

2022 అక్టోబరులో వచ్చిన టెలి మానస్, అంటే మనసు బాగోలేనివాళ్లకు ఫోన్లో సాయం చేసే 14416 నంబరు, మంచి పనే, ఏ వేళప్పుడైనా పలుకుతుంది. కానీ పరువు పోతుందని ఇంట్లోనే నోరు విప్పనివాడు ఆ నంబరుకు తనంతట తాను ఫోన్ చేయడం కష్టం. మానసిక వైద్యం ప్రతి ఒక్కరి హక్కని 2017 చట్టం చెబుతోంది. ఆ హక్కును గడప దాకా తెచ్చేది ఆశా అక్కే.

అందుకే సర్వే కాగితంలో ఇంకో రెండు ప్రశ్నలు చేర్చండి: పని ఉందా, నిద్ర పడుతోందా. లేదన్నవాళ్ల ఇంటికి వారం లోపు శిక్షణ ఉన్న మనిషిని పంపండి. వాళ్లు చెప్పింది ఊళ్లో పొక్కకుండా చూడండి. పని పోయినవాళ్ల పేర్లు సాయం జాబితాలోకి నేరుగా చేరాలి, బడికి గుర్తింపు ఉందా లేదా అన్నది అడ్డం రాకూడదు. ఆశాలకు ఈ పనికి వేరుగా డబ్బులివ్వండి, ఇప్పటికే వాళ్ల మీద మోయలేనంత భారం ఉంది. ఈ ఏర్పాటుకు ఇంకో మహమ్మారి దాకా ఆగనక్కర్లేదు, ఉత్తర్వు ఇప్పుడే ఇవ్వవచ్చు.

ఇట్లు,
ఒక ప్రైవేటు బడి లెక్కల టీచరు,
కరీంనగర్ జిల్లా